బాబాయి చెవి

బాబాయ్,

ఫోనులో చెబితే "చూద్దాంలే" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీ బొగ్గు కరెంటు ప్లాంటు నెలాఖరుకి మూతపడుతోంది. మా గాలిమరల దగ్గర మెకానిక్ ఉద్యోగం ఖాళీగా ఉంది.

మొన్న ఒక మర పైకెక్కి, నువ్వు నేర్పినట్టే స్క్రూడ్రైవర్ మొన యంత్రానికి, పిడి చెవికి ఆనించి విని, బేరింగు అరిగిందన్నాను. అందరూ నవ్వారు. విప్పితే నిజమే!

"ఎవరమ్మా నేర్పింది?" అన్నారు ఇంజనీరుగారు.

"మా బాబాయండీ. ముప్పై ఏళ్లుగా టర్బైన్ల దగ్గరే ఉన్నాడు."

"అయితే ఆయన్నే రమ్మనమ్మా."

"నాలుగో తరగతితో చదువాపేసినవాణ్ణి, నన్నెవరు పెట్టుకుంటారే" అంటావని తెలుసు. ఆయనకి అదీ చెప్పాను. నవ్వి, దరఖాస్తు నా చేతికిచ్చారు. అంతా నింపి దీంతోపాటే పంపుతున్నాను.

రానంటే ఎందుకో రెండు పేజీలు రాయాలి, వస్తానంటే సంతకం చాలు. ఏదైనా పదిహేనో తారీఖులోగా నాకు అందాలి.

నీ అన్న కూతురు