వడకట్టేది ఎవరు?

మా ఇంటిదానికి,

తేనె కొనే షావుకారు ముందు, నలుగురూ వింటుండగా నువ్వన్న మాట నాలుగేళ్లైనా నా చెవిలోంచి పోలేదు. "డబ్బా మీద ఆయన పేరొక్కటే ఉందిగా, ఇక ఆయనే వడకట్టుకుంటాడు" అని, చేతిలో గుడ్డ విదిలించేసి మీ చెల్లెలింటికి బస్సెక్కావు. ఆ మాట ఇంట్లో అనొచ్చుగా?

సరే. ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వుకో.

మన తేనె సంఘంలోకి బ్లాక్‌చెయిన్ అని కొత్త పద్ధతి వచ్చింది. తేనెలో పంచదార పాకం కలిపేవాళ్ల పుణ్యమా అని విదేశాల వాళ్లు మనల్ని ఎవర్నీ నమ్మట్లేదు. అందుకని తేనెపట్టు తీసిందెవరు, వడకట్టిందెవరు, అన్నీ ఎక్కిస్తారు. చాలా చోట్ల కంప్యూటర్లలో ఒకేసారి పడుతుందట. సీసా మీది గుర్తుకి ఫోన్ చూపిస్తే కొన్నవాడికి మన పేర్లు కనపడతాయి.

"వడకట్టేది ఎవరు పెద్దాయనా?" అన్నాడు గుమస్తా. పెళ్లైనప్పట్నుంచి నిన్ను పేరు పెట్టి పిలిచింది లేదు, అక్కడ గట్టిగా అనేశాను. వాడు ఎక్కించేశాడు.

"ఆవిడ ఇక్కడ లేదు, చెరిపెయ్యవయ్యా."

"ఇందులో చెరపడం లేదు. ఆవిడే ఫోన్లో అవునో కాదో నొక్కాలి."

"కాదంటే?"

"అదీ ఉండిపోతుంది. కొన్నవాళ్లంతా చూస్తారు."

వెనక వరసలో ఒకటే నవ్వు. "ఏం బాబాయ్, పిన్ని కాదంటే దేశదేశాలా తెలిసిపోతుంది!"

నీకొచ్చిన మెసేజ్ అదే. మోసగాళ్లదనుకుని పారెయ్యకు.

అవునని ఊరికే నొక్కకు. నొక్కితే వచ్చి వడకట్టాలి. నా చేతికి ఆ పని రాదు, గుడ్డ పిండేస్తాను, మైనం దిగిపోతుంది. నువ్వైతే మూట కట్టి వేలాడదీసి, అదే దిగుతుందిలే అని కూర్చునేదానివి. ఆ చుక్కలు పడుతుంటే వింటూ నిద్రపోయేవాణ్ణి. ఇప్పుడు చొక్కాకి ఈగల్ని తోలే పొగ వాసనొస్తే తిట్టేవాళ్లు లేక, ఆ చొక్కాతోనే పడుకుంటున్నాను. నిద్ర మాత్రం రాదు.

శుక్రవారంతో గడువు అయిపోతుంది. ఏదీ నొక్కకపోతే నీ పేరు పక్కన గడి ఎప్పటికీ అలా ఖాళీగానే ఉండిపోతుందట. కాదన్నా పడతాను, తిట్టావనుకుంటాను. ఆ ఖాళీ నేను చూడలేను. శుక్రవారం పొద్దుగూకేలోగా ఏదో ఒకటి చెప్పు.

నీ మొండి మొగుడు