నల్లపావులతో గెలిచిన ఆట

ఆదివారం, పొద్దున్నుంచీ ముసురు. నీళ్ల తొట్టి కడిగేసి చిత్తూరులో చదరంగం పోటీకి వెళ్లాను. నువ్వు చనిపోయిన ఏడాదికి మళ్లీ బల్ల ముందు కూర్చున్నాను. పోటీ పెట్టిన లాయరే నా ఎదుట తెల్లపావులు తీసుకున్నాడు. రోజూ నువ్వు నన్ను ఓడించే ఆ నల్లపావుల ఎత్తుగడ, సిసిలియన్ డిఫెన్సే ఆడాను. చివరికి ఆయన రాజుకు కదిలే చోటు లేకుండా పోయింది.

“యాడ నేర్చినావప్పా ఇది?”

“మా ఇంటామె నేర్పింది.”

“ఆమె మింద ఎప్పుడన్నా గెలిచినావా?”

“లేదు.”

ఆయన గట్టిగా నవ్వాడు. “అట్లయితే వచ్చే ఆదివారం ఆమెను పిల్చుకోని రా. నీతో నాకేం పని? ఆమెతోనే తేల్చుకుంటా.”

సరేనన్నాను. పేరడిగితే చెప్పాను. వచ్చే వారం ఆడేవాళ్ల పట్టీలో నీ పేరు రాసుకున్నాడు. నేను వద్దనలేదు. ఇంటికి తిరుపతి బస్సెక్కాను.