గ్రూపులో నాలుగో గొంతు

ఆగస్టు 4

ఇవాళ మా ముందుగదిలో క్లాసు. నిజంగా క్లాసే! సుజాతతో పాటు ఇద్దరు వచ్చారు — భీమవరం అమ్మాయి హారిక, బోరబండ అబ్బాయి ఇమ్రాన్. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు, ముగ్గురిదీ ఒకే గ్రూపు. హారిక ఉండే ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో కూర్చుని మాట్లాడుకునే చోటే లేదట. మన ఇంటికి రండమ్మా అని నేనే పిలిచాను. ఇరవై తొమ్మిదేళ్లకు నా బిడ్డ స్నేహితుల్ని ఇంటికి తెచ్చుకుంది. ఈ సంతోషం రాయాలంటే పేజీ చాలదు. కుట్టు మిషన్ గోడకు జరిపి చాప పరిచాను.

ఆగస్టు 6

మధ్యలో ఫోన్ పెడతారు. అందులో ఏఐ. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇచ్చిందే. పాఠం చెప్తుందేమో అనుకున్నా... చెప్పదు! ఇమ్రాన్ జవాబు అడిగితే, "మీ ముగ్గురిలో ఇది ఎవరికి వచ్చు? వచ్చినవాళ్లు మిగతావాళ్లకు చెప్పండి" అంది. అందరి మాటలూ వింటుంది. ఎవరు ఎంత మాట్లాడారో చూసుకుంటుంది. రెండు వారాలకొక రిపోర్టు.

నేను చదివింది ఏడో తరగతి. పంజాగుట్టలో టైలరు దుకాణంలో ముప్పై ఐదేళ్లు కటింగ్ మాస్టర్‌ని. తెలిసీ చెప్పని సారును ఎక్కడా చూడలేదు.

ఆగస్టు 9

లాగిన్ పేజీని ఎలా పరీక్షిస్తావు అని ఏఐ సుజాతను అడిగింది. పాపం, పిల్లకు నత్తి. "ప్ప... ప్ప..." దగ్గర ఆగిపోయింది. "పాస్‌వర్డ్" అన్నాను వంటింటి గడప మీంచి. "తప్పు పాస్‌వర్డ్ కొట్టి చూడాలె. తర్వాత ఖాళీగ పెట్టి చూడాలె." రోజూ వింటున్నానుగా!

ఇమ్రాన్ చప్పట్లు కొట్టాడు. "అంకుల్, మీరు సుత జాయిన్ అయిపోండ్రి. జాబ్ మీకే ముందు వస్తది."

అందరం నవ్వాం. సుజాత కూడా నవ్విందనే అనుకుంటున్నా.

ఆగస్టు 13

చాయ్, బిస్కెట్లు. ఇవాళ నాలుగు జవాబులు అందించాను. పిల్లకు ఎంత తేలికైందో.

ఆగస్టు 18

రిపోర్టు వచ్చింది. హారిక పైకి చదివింది.

"మీ గ్రూపులో నలుగురు మాట్లాడుతున్నారు."

"నలుగురేంటి? మనం ముగ్గురమేగా!" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి మిగతాది చదివింది. "నాలుగో వ్యక్తికి పాఠం బాగా వచ్చు. కానీ సుజాత మొదలుపెట్టిన మాటలన్నీ ఆయనే పూర్తి చేస్తున్నారు. సుజాతకు ఎంత వచ్చో నాకింకా తెలియదు. ఆమె మాట ముగిసేదాకా మిగతావాళ్లు ఆగి చూస్తారా?"

ఎవరూ నా వైపు చూడలేదు. అదే ఎక్కువ తగిలింది.

"సారీ అంకుల్ గారూ" అంది హారిక. ఆ పిల్ల ఎందుకు సారీ చెప్పాలి?

ఆగస్టు 19

పొద్దున చిక్కుడుకాయలు గిల్లుతూ నా భార్య యాదమ్మ —

"ఆ ఫోన్‌ల మిషన్ చెప్తే ఇన్నవు. పిల్ల బడికి పోయిననాటి సంది నేను మొత్తుకుంటున్న, జర ఆగు, దాన్ని చెప్పనియ్యి అని."

బడిలో పేరు అడిగితే నేనే చెప్పాను. డాక్టరు ఎక్కడ నొప్పమ్మా అంటే నేనే. గాజుల దుకాణంలో ఏ రంగు కావాలన్నా నేనే. ప్రేమతోనే... ప్రేమ కాదని ఎవరంటారు?

దుకాణంలోనూ అంతే కదా. మనిషి మెట్లెక్కుతుంటేనే కొలత అనేసేవాణ్ణి — ఛాతీ నలభై, నడుము ముప్పై ఆరు. టేపు వేస్తే సరిగ్గా అంతే వచ్చేది. ఏం కళ్లు మాస్టర్ నీవి అనేవాళ్లు. బట్టకైతే సరే. బిడ్డ నోరు తెరవకముందే దాని మాట కూడా కొలిచేశానే.

ఆగస్టు 20

వాళ్లు వచ్చే వేళకు చెప్పులేసుకున్నాను. సుజాత గుమ్మంలో ఆపింది.

"బా... బాపూ, పోకు. ఈడనే కూసో. కానీ..."

ఆగింది. 'మాట్లాడకు' అని అందించబోయి నాలుక కరుచుకున్నాను. చాలాసేపటికి ఆమె మాట ఆమే చెప్పింది. నేననుకున్నది కాదు.

"కానీ... ఇను."

ఆగస్టు 22

ఉపాయం దొరికింది! కుట్టే బట్టను మనిషికి తొడిగి ట్రయల్ వేసేటప్పుడు గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుంటాం. అప్పుడు ఏ మాస్టరూ ఒక్క మాట మాట్లాడలేడు. ఇవాళ నాలుగు సూదులు పెట్టుకుని కుట్టు మిషన్ ముందు కూర్చున్నా.

"అంకుల్ సైలెంట్ మోడ్‌ల ఉన్నరు" అన్నాడు ఇమ్రాన్.

ఏఐ సుజాతను మళ్లీ లాగిన్ పేజీ గురించే అడిగింది. ఆగింది. హారిక ఆగింది. ఇమ్రాన్ ఆగాడు. ఫ్యాను చప్పుడు. "ప్ప..." సూదులు లేకపోతే చెప్పేసేవాణ్ణే. ఎంతసేపో...

వచ్చింది. పాస్‌వర్డ్. దాని వెనక వాక్యం, ఆ వెనక ఇంకోటి. నేను ఎన్నడూ విననివి చెప్పింది! తప్పు దొరికితే ఎలా రాసి పంపాలో హారికకు అర్థం కాలేదంటే మొదటినుంచీ వివరించింది. హారిక రాసుకుంది. నా బిడ్డ చెప్తుంటే ఒక మనిషి రాసుకుంటోంది! లేచి గంతులేయాలనిపించింది. కూర్చునే ఉన్నాను.

ఆగస్టు 26

సంతోషం. కానీ ఇన్నేళ్లూ నేను అడ్డం పడి పోగొట్టిన దాని మాటలు... ఎన్నో.

సెప్టెంబర్ 1

రెండో రిపోర్టు. "ముగ్గురు మాట్లాడుతున్నారు." నేను లేను అందులో! లెక్కలోంచి తీసేస్తే ఇంత ఆనందపడే పిచ్చివాడు అమీర్‌పేట మొత్తంలో ఇంకొకడు ఉండడు. యాదమ్మతో సేమియా పాయసం చేయించాను.

సెప్టెంబర్ 8

సుజాతకు ఇంటర్వ్యూ కబురు. పంజాగుట్టలోనే ఆఫీసు. మొదట గ్రూప్ డిస్కషన్ అట, ఎనిమిదిమంది కొత్తవాళ్లతో. అందులో నెగ్గితేనే తర్వాతి గదికి. అక్కడ ఈ ఫోన్ ఉండదు. ఆగేవాళ్లు ఉంటారా?

"గే... గేటు దాకా రా బాపూ. లోపలికొద్దు."

సెప్టెంబర్ 11

ఆఫీసు ఎదురుగా చాయ్ హోటల్. ఇక్కడే రాస్తున్నా.

గేటు దగ్గర రిజిస్టరు. "పేరు?" అన్నాడు సెక్యూరిటీ. నా బిడ్డకు అన్నిటికంటే కష్టం దాని పేరే. "స్స... స్స..." వెనక లైను పెరిగింది. "జల్దీ కానియ్యండి" అన్నారెవరో. సెక్యూరిటీ నన్ను చూశాడు. "మీ బిడ్డనా? ఏం పేరు పెద్దమనిషీ?"

ఇన్నేళ్లూ ప్రతి గేటు దగ్గరా నేనే చెప్పిన పేరు.

తల అడ్డంగా ఊపి, చేత్తో ఆమెనే చూపించాను. అతను పెన్ను పట్టుకుని ఆగాడు. చల్లగా ఉండాలి ఆ బాబు, ఆగాడు.

చెప్పింది. ఇంటిపేరుతో సహా. వెనక్కి చూడకుండా లిఫ్టు వైపు నడిచింది.

అరగంటయింది. మూడో అంతస్తులో అద్దాలు. ఏమీ కనబడదు.

చాయ్ పోసే ఆయన రెండోసారి వచ్చాడు. "ఏం కావాలె పెద్దాయనా? మాట్లాడవేంది?"

అప్పుడు తెలిసింది, పొద్దున ఇంట్లో పెట్టుకున్న సూదులు ఇంకా పెదవుల మధ్యే ఉన్నాయి. తీయబోయి... తీయలేదు. తీస్తే, బిడ్డ దిగి రాగానే ఏమయిందో దానికంటే ముందు నేనే చెప్పేస్తాను, నా సంగతి నాకు తెలుసు. వేలితో చూపించాను — ఒకటి.

చాయ్ వచ్చింది. చల్లారుతోంది.