అమ్మ తీసిన దిష్టి

మంగళవారం, రాత్రి

ఈ రోజు కాలేజీ మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయాను. నా క్లాస్‌మేట్ ఫర్హానా ఆటోలో సైదాబాద్ దాకా వచ్చి ఇంట్లో దింపింది.

"రాత్రంత చదువుతది ఆంటీ, పొద్దుగాల ఏం తినకుండ చాయ్ తాగి ఉరుకొస్తది. జర డాక్టర్‌కు చూపియ్యుండ్రి," అని అమ్మతో చెప్పింది.

"డాక్టర్ ఎందుకు? నా బిడ్డకు నజర్ తగిలింది," అంటూ అమ్మ ఎండుమిరపకాయలూ ఉప్పూ నా చుట్టూ తిప్పి పొయ్యి మీద పెనంలో వేసింది. ఘాటు రాకపోతే అది దిష్టే. దగ్గొస్తే మాత్రం ఒంట్లోనే ఏదో రోగం ఉన్నట్టని అమ్మ నమ్మకం.

ఘాటు వచ్చింది. గొంతు మండిపోయింది. అయినా ఊపిరి బిగబట్టాను. డాక్టర్ దగ్గరికి వెళితే నిద్ర పట్టని సంగతీ, పుస్తకం తెరవగానే చేతులు వణికే సంగతీ చెప్పాలి. అప్పుడు చదువు మానిపిస్తే...

"చూసినవా, జర గూడ ఘాటు రాలే. గంత దిష్టి! ఇగ ఫికర్ చెయ్యకు," అని అమ్మ నా తల నిమిరింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

తర్వాత బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుని నల్లా తిప్పింది. నీళ్ళ చప్పుడు వెనక, నాలాగే అంతసేపూ ఆపుకున్న దగ్గును చాలాసేపు దగ్గుతూనే ఉంది.

డాక్టర్ మాట ఇక మా ఇద్దరిలో ఎవరమూ ఎత్తం.