చివరి గడికి అవతల

కళ్యాణదుర్గం,
12-3-2008.

చిరంజీవి సౌభాగ్యవతి ఇంద్రాణికి,

మీ మేనత్త వనజాక్షి దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. రాయదుర్గంలో నువ్వు, అల్లుడు, పాప చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేంటి అంటావేమో! మీ నాయన మాటెత్తితే చాలు, ఫోన్ పెట్టేస్తావు. ఉత్తరాన్ని ఎట్లా పెట్టేస్తావో చూస్తాను.

వచ్చే నెల మన కులదేవతకు దేవర. ఎన్నేళ్ళకో చేస్తున్నాం కాబట్టి ఒక్క ఇల్లూ మరవకూడదని, అనంతపురంలో కంప్యూటర్లు నేర్పే మన చైతన్య వంశం మొత్తాన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాడు. ఇంటికో నిలువు వరుస. ముందు మగపిల్లల ఇళ్ళు, వాటి పక్కన ఆడబిడ్డల ఇళ్ళు, పెద్ద నుంచి చిన్నకు. అందరిలో చిన్నదానివి, నీది చిట్టచివర రావాలి. అందులో ఉన్నవాళ్ళకే పిలుపు.

ఆ ఫైలు మీ నాయన ఎరువుల అంగడికి వచ్చింది. గుమాస్తా ఓబుళేసు తెరిచాడు. మీ నాయన చివరిదాకా జరిపించి చూసి, ఈ దేవరకు నేను రాను పోండప్పా అని లేచి వెళ్ళిపోయాడు. నిన్నెక్కడ పిలుస్తారోనని అలిగాడు, ఆ పాత పంతమే అని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

తర్వాత నేను పోయి చూస్తే నీ పేరే లేదు! మాట కాదని నువ్వు చేసుకున్న పెళ్ళిని మనసులో పెట్టుకుని పెద్దవాళ్ళు తీయించారని ఒళ్ళు మండింది. అంతలో ఒక అనుమానం తగిలింది. మీ శ్రీరంగప్ప పెదనాయన కూతురి ఇల్లు కూడా లేదు. ఆమెను పిలవకపోతే ఆయన దేవర పందిరి పీకేస్తాడు, అంత ధైర్యం ఎవరికుంది? చూస్తే, చివరి ఆడబిడ్డలు నలుగురూ లేరు. ఎవరో ఏరి తీసినట్టు లేదు, కత్తెరతో అంచు కోసినట్టుంది.

ఇక నాకు నిద్ర పడుతుందా? బస్సెక్కి అనంతపురం పోయాను. చైతన్య కంప్యూటర్లో నలుగురూ ఉన్నారు! ఇదేం మాయరా అంటే వాడు ఒకటే నవ్వు. నాది కొత్త ఎక్సెల్ అత్తా, అంగట్లో ఉండేది పాతది, కొత్త ఫైలు తెరుచుకునేటట్టు అతుకు వేసినాం గానీ దానికి రెండు వందల యాభై ఆరు నిలువు వరుసలే పడతాయి, మిగతావి పోతాయని అది ముందే చెప్పుంటాదే అన్నాడు. చెప్పిందట! ఇంగ్లీషులో ఏదో వచ్చిందని మన ఓబుళేసు చదవకుండా ఓకే నొక్కాడు. ఒక్క నొక్కుతో నలుగురు ఆడబిడ్డలను గెంటేశాడు మహానుభావుడు.

చైతన్య ఫైల్లో నీ వరుసలో నీ పేరుంది, అల్లుడు కుళ్లాయప్ప పేరుంది, కింద పాప పేరు బయమ్మ అని ఉంది. పాపకు మా అమ్మ పేరు పెట్టావా! నాకే చెప్పలేదు కదే, వీడికెవరు చెప్పారు? అడిగితే, ఒక పెద్దాయన చెప్పినాడులే, ఆయన పేరు మాత్రం అడగొద్దు అత్తా అన్నాడు. నువ్వు నమ్మవు, బస్సులో తిరిగొస్తూ దారి పొడుగునా అదే ఆలోచన.

మీరు ముగ్గురూ దేవరకు రావాలి. నీకు చీర నేనే పెడతాను.

ఇట్లు,
నీ మంచే కోరే అత్త,
వనజాక్షి

తా.క.: కవరు మీద స్టాంపు లేదు, చూశావా? ఆ పెద్దాయన మీ నాయనే. నీ ఇంటిని, పాప పేరును తనే చెప్పి ఎక్కించాడు. అంగట్లో అవి కనపడకపోయేసరికి, నా బిడ్డను తీసేసినోళ్ళ దేవర నాకెందుకని అలిగాడు. అసలు సంగతి చెప్పగానే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పాప పేరు నీకెట్లా తెలుసన్నా అంటే, తెలుసులే పో అంటాడు! ఈ ఉత్తరం తెచ్చింది ఆయనే. నీ గడప తొక్కడానికి మొహం చెల్లక, మీ వీధి చివర టీ అంగట్లో కూర్చుని ఎవరి చేతనైనా పంపిస్తానన్నాడు. చదివింది చాలు. పాపనెత్తుకుని పో, పిలుచుకో.