చెయ్యి చాపింది పళ్ల సెట్టు కోసం

11 ఆగస్టు, సోమవారం. సాయంత్రం నాలుగు.

నిన్న నా ఇంటికి బియ్యం బస్తా వచ్చింది. నేను అడగలేదు.

విజయవాడ నుంచి ఏదో సేవా సంఘం వాళ్లు, నలుగురు, కారులో వచ్చారు. నేను అప్పుడే పూజ అయ్యి చర్చి నుంచి వచ్చాను. పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. బస్తా అరుగు మీద దించి, ఒకామె నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. పేపర్లో మీ ఫొటో చూసి రెండు రోజులు ముద్ద దిగలేదమ్మా అంది. నాకు దిగుతోందమ్మా, నువ్వు కూడా తిను అన్నాను. బస్తా మీద చెయ్యి వేసి నిలబడితే ఒక ఫొటో తీసుకుంటాం అన్నారు. చీపురు తీశాను.

వాళ్లు పోయారు. బస్తా పోలేదు. వీధి వీధంతా చూసింది. జ్ఞానమణి ఇంటికి దానం బియ్యం! ముప్పై ఏళ్లు మామిడి తోటల్లో ముఠా మేస్త్రిగా చేశాను. నలభై మంది ఆడవాళ్లు నా మాట మీద పనికి వచ్చేవాళ్లు. ఎవరింట్లో పొయ్యి వెలగకపోయినా నా ఇంటి నుంచి గిన్నె వెళ్లేది.

ఈ పొద్దున లాయరు సురేష్ బాబు గారిని కలిశాను. మామ్మగారూ, కేసు అన్నాక తేదీలు కావాలి, జరిగింది జరిగినట్టు రాయించండి అన్నారు. నాకు అక్షరం రాదు. పక్కింటి పుష్పలత టీచరమ్మ రాస్తోంది. రిటైరైంది, ఆమెకూ పొద్దు పోవడం లేదు. ఈ మాట కూడా రాయమన్నాను. రాసింది.

12 ఆగస్టు.

ముద్దాయి పేరు జయకర్. నా చెల్లెలు రావమ్మ కొడుకు. రావమ్మ వినగడపలో జ్వరంతో పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్లు. తండ్రి అంతకు ముందే లేడు. నేనూ మా ఆయన అంతోనయ్యా తెచ్చుకొని పెంచాం. మాకు పిల్లల్లేరు.

పదో తరగతి సెలవుల్లో బస్టాండు దగ్గర జోజిబాబు స్టూడియోలో చేరాడు. పెళ్లిళ్లలో లైటు పట్టాడు. ఎవరైనా పోతే శవపెట్టె చుట్టూ ఇంటిల్లిపాదినీ నిలబెట్టి ఫొటో తీస్తారు కదా, అందులో వాడిది పెట్టింది పేరు. గుండెలు బాదుకునే వాళ్లను కూడా ఇటు చూడండమ్మా అని చూపించేవాడు. తర్వాత విజయవాడ, చీరల షాపుల ఫొటోలు. తర్వాత హైదరాబాదు. నగలు, సిమెంటు, టూత్‌పేస్టు. టూత్‌పేస్టు ప్రకటనలో ఒక పిల్ల నవ్వు కోసం మూడు రోజులు కష్టపడ్డాడంట.

అదంతా తిండి కోసం చేసే పని, మనసు కోసం చేసే పని వేరే ఉంది పెద్దమ్మా అనేవాడు. ఆ రెండో రకం ఏమిటంటే ముసలివాళ్లు, పగిలిన కాళ్లు, చిరిగిన గుడ్డలు. అన్నీ నలుపు తెలుపు. నగలవాళ్లకి రంగులు, మాకు నలుపు తెలుపు. వాటికే అవార్డులు వచ్చాయి. ఇప్పుడు డైరెక్టరు. మొదటి సినిమా తీస్తున్నాడు.

ఇక నేరం. పోయినేడు మే నెల. రెడ్డిగూడెం తోటల్లో జ్యూసు ప్రకటన తీయడానికి వచ్చాడు. మామిడికాయల మీద నీటి బొట్లు జారకుండా ఏదో మందు కొట్టి మెరిపించాడంట. మధ్యాహ్నం నా ఇంట్లో భోజనం. మేక మాంసం వండాను. తిన్నాక పళ్ల సెట్టు తీసి, కడిగి, గిన్నెలో వేసి కిటికీలో పెట్టాను. గుమ్మంలో కూర్చున్నాను. వాడు కిటికీ పక్కనే ఉన్నాడు. ఒరే జయా, ఆ సెట్టు ఇటివ్వరా అని చెయ్యి చాపాను.

ఇవ్వలేదు. ఫొటో తీశాడు.

దానికి ఆకలి అని పేరు పెట్టాడు.

13 ఆగస్టు.

ఆ రోజు మాంసం రెండుసార్లు వడ్డించుకున్నాను. నిన్న చెప్పడం మరిచాను. కేసులో ఇది ఉండాలి.

22 ఆగస్టు, శుక్రవారం. ఉదయం పదకొండు.

నోటీసు రాయడానికి లాయరు గారు పిలిపించారు. ఏం అడుగుదాం అన్నారు. పేరు తీసెయ్యాలి, హైదరాబాదు గ్యాలరీలో గోడకు పెట్టిన బొమ్మ దించాలి అన్నాను. అది సరే మామ్మగారూ, నష్టం ఎంతని వేద్దాం అన్నారు. నష్టం నా మొహం అన్నాను. ఆయన కలం పక్కన పెట్టి టీ తెప్పించారు.

ఎవరికీ అర్థం కావడం లేదు. నాకు డెబ్బై నాలుగు. అంతోనయ్య సమాధి రాయి మీద ఆయన ఫొటో పక్కనే నాకు గుండ్రంగా జాగా వదిలి చెక్కించాను. రేపు ఆ జాగాలో ఏ మొహం ఉంటే అదే నేను. ఇప్పుడు ఊళ్లో అందరి ఫోనుల్లో ఉన్నది ఆ బోసి నోరు. నేను పోయిన రోజు ఎవడో ఒకడు చేతికి దొరికిందని అదే పట్టుకొస్తాడు. కింద పేరు ఉంటుంది, డేటు ఉంటుంది, పైన ముష్టిదాని మొహం ఉంటుంది.

3 సెప్టెంబరు. మధ్యాహ్నం.

నోటీసు అందింది. వాడు ఫోను చేశాడు. పెద్దమ్మా, నువ్వు నాకు నోటీసా అన్నాడు. నువ్వు నాకు ఆకలా అన్నాను.

అది నువ్వు కాదు పెద్దమ్మా, అందరూ అన్నాడు. అయితే అందరి మొహం పెట్టుకో, నాది నాకిచ్చెయ్యి అన్నాను. కాసేపు తగ్గి చూశాను. ఒరే, పట్టుచీర కట్టుకుంటాను, సెట్టు పెట్టుకుంటాను, గడ్డం పైకెత్తి కుర్చీలో కూర్చుంటాను, అలాంటిది ఒకటి తీసి పెట్టుకోరా అని బతిమాలాను. అవును, బతిమాలాను. అందులో ఏముంది పెద్దమ్మా, ఆధార్ కార్డులా ఉంటుంది అన్నాడు.

ఇంకో సంగతి. వాడి సినిమా పోస్టరు మీద కూడా అదే ఫొటో. అక్టోబరు ఆఖరున గోడలెక్కుతుందంట. మన తిరువూరులో కూడానా అంటే, అన్ని ఊళ్లలో అన్నాడు సంబరంగా.

అప్పుడు నేను అన్న మాట టీచరమ్మ రాయనంది.

4 సెప్టెంబరు.

మళ్లీ అన్నాను. మళ్లీ రాయలేదు.

18 సెప్టెంబరు, గురువారం. ఉదయం ఎనిమిది.

నిన్న వాడి ఫొటోలు పెట్టిన గ్యాలరీ చూడ్డానికి హైదరాబాదు వెళ్లొచ్చాం, నేనూ టీచరమ్మా. ఖమ్మం మీదుగా బస్సు. ఒళ్లంతా పులిసిపోయింది. అయినా ఇప్పుడే చెప్పాలి, లేకపోతే కోపం చల్లారుతుంది.

గ్యాలరీ అంటే తెల్ల గోడలు, చల్లగా, మాట్లాడితే తప్పన్నట్టు ఉంది. అలవాటుగా చెప్పులు బయట విప్పాను. ఎదురు గోడ మీద నేను. ఆరడుగుల మొహం. నోట్లో చీకటి. చెయ్యి మీదికి వస్తున్నట్టే ఉంది. బాగా తీశాడు, అది కాదనను. అందుకే ఇంకా మండింది.

నల్ల డ్రెస్సు పిల్ల ఒకతె ఏడెనిమిది మందికి చెబుతోంది. టీచరమ్మ నా చెవిలో తెలుగులో చెప్పింది. ఈ తల్లిది కరువు ఊరు, నా అన్నవాళ్లు లేరు, తిని మూడు రోజులైంది అని. తిరువూరు కరువు ఊరా! నేను ఆ ఫొటో కిందే నిలబడ్డాను, పట్టుచీరలో. నా మొహం చూసి పక్కకు జరగమన్నారు గాని ఒక్కరూ గుర్తుపట్టలేదు.

సెట్టు తీసి రుమాలులో పెట్టుకున్నాను. చెయ్యి చాపాను.

ఆ పిల్ల చేతిలో కాగితాలు జారిపోయాయి. అందరూ నా చుట్టూ మూగారు. మూడు రోజులు కాదు, మేక మాంసం తిన్నాను అని చెప్పాను. సెట్టు లేకుండా నాకు మాట తిన్నగా రాదు. వాళ్లకది ఏడుపులా వినిపించింది. ఒకామె నా తల నిమిరింది. మిగతావాళ్లు ఫోనులు తీశారు. సెట్టు పెట్టుకొని మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఒక్కో ముక్క విడివిడిగా. అప్పటికి వినేవాళ్లు లేరు. ఫోనుల్లో చూసుకుంటున్నారు.

ఫొటో పక్కన చిన్న ఎర్ర బిళ్ల అంటించి ఉంది. అదేమిటంటే అమ్ముడుపోయిందని గుర్తంట. ఎవరికి అంటే చెప్పరు.

బయట విప్పిన నా చెప్పులు మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేదు.

1 అక్టోబరు.

ఫోను లేదు. బస్తా అరుగు మీదే ఉంది. లోపలికి తేను.

12 అక్టోబరు, ఆదివారం. సాయంత్రం ఐదు.

వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. లోపలికి రమ్మనలేదు. అరుగు మీద ఆ బస్తా మీదే కూర్చున్నాడు. నలభై రెండేళ్ల మనిషి, గడ్డం నెరిసింది. గ్యాలరీలో నువ్వు చేసింది ఎవరో ఫోనులో తీశారు, చూశాను పెద్దమ్మా అన్నాడు. బాగుందా, దానికి కూడా పేరు పెడతావా అన్నాను.

అప్పుడు చెప్పాడు. వాడు చెప్పింది చెప్పినట్టు రాయిస్తున్నాను.

ఆ రోజు నువ్వు చెయ్యి చాపితే అమ్మ కనిపించింది. వినగడప ఇంట్లో మంచం మీద బుగ్గలు లోపలికి పోయి అచ్చం ఇలాగే చాపింది. నీళ్లివ్వరా అంది. ఆ మొహం చూసి నాకు భయమేసింది. తలుపు వెనక్కి పోయి దాక్కున్నాను. పొద్దున నువ్వు వచ్చేదాకా అక్కడే ఉన్నాను. నీళ్లు ఇవ్వలేదు.

ముప్పై మూడేళ్లు ఈ మాట నాకు చెప్పలేదు. నా చేతి అన్నం తింటూ చెప్పలేదు. చెప్పడానికి నీకు నోరు రాలేదట్రా అన్నాను. ఫొటో అయితే వచ్చింది పెద్దమ్మా అన్నాడు.

మరి ఆకలి అని ఎందుకు పెట్టావు? మీ అమ్మ అడిగింది నీళ్లు. నేను అడిగింది సెట్టు. ఇద్దరిలో ఒక్కరం కూడా నిన్ను అన్నం అడగలేదు కదరా అన్నాను. ఆకలి అంటే అందరికీ వెంటనే అర్థమవుతుంది అన్నాడు. జ్యూసు అమ్మేవాడి బుద్ధి.

తొమ్మిదేళ్ల పిల్లాడి మీద కేసు ఎలా పెట్టాలో నాకు తెలియదు. నలభై రెండేళ్ల వాడి మీద కోపం మాత్రం తగ్గలేదు. రెండూ రాయి అన్నాను టీచరమ్మతో.

పోయేటప్పుడు బస్తా వాడి కారు వెనక వేయించాను. ఆకలి నీది, నువ్వే వండుకో అన్నాను.

13 అక్టోబరు.

రావమ్మకు ఫొటో లేదు. ఒక్కటీ లేదు. పెళ్లికి తీయించలేదు, పోయినప్పుడు తీయించలేదు. వీడు ఊళ్లో అందరి పెట్టెల దగ్గరా ఫొటోలు తీశాడు, తల్లి పెట్టె దగ్గర తీసినవాడు లేడు.

పొద్దున సెట్టు తీసి, నాలో రావమ్మ ఉందా అని అద్దంలో చూసుకున్నాను. టీచరమ్మను పిలిచి చూపిద్దామనుకున్నాను. ఆమె రావమ్మను ఎరగదు. నేను ఎరుగుదును.

ఉంది.

21 అక్టోబరు, మంగళవారం.

పోస్టరు మార్పించాడంట. ప్రొడ్యూసరు నానా మాటలు అన్నాడంట. పడనీ. పేరు కూడా గ్యాలరీలో తీసేశారంట, ఇప్పుడు జ్ఞానమణి, తిరువూరు అని మాత్రమే ఉంది. కొన్నవాళ్లు మాత్రం తిరిగి ఇవ్వరంట. ఎంత అడిగినా ఇవ్వరంట. అంటే నా నోరు ఎవరింట్లోనో సోఫా పైన తెరుచుకొని ఉంటుంది, వాళ్లు దాని కింద కూర్చొని కాఫీ తాగుతారు. దీనికి చట్టంలో ఏమీ లేదా అని అడిగాను. లాయరు గారు మళ్లీ టీ తెప్పించారు.

కేసు వదిలేద్దామా మామ్మగారూ అన్నారు. నోటీసు అలా ఉండనివ్వండి అన్నాను.

25 అక్టోబరు, శనివారం. ఉదయం పదకొండు.

జోజిబాబు స్టూడియోలో నీలం పరదా ముందు కూర్చున్నాను. సెట్టు పెట్టుకున్నాను. పట్టుచీర కట్టుకున్నాను. జయకర్‌ని కబురు పెట్టి రప్పించాను. నువ్వే తియ్యాలి అన్నాను.

లైటు పక్కకు పెట్టాడు. ఎదురుగా పెట్టరా అన్నాను. మొహం మీద నీడ ఉంటే లోతు వస్తుంది పెద్దమ్మా అన్నాడు. లోతు నాకు రేపు గోతిలో ఎలాగూ వస్తుంది, లైటు ఎదురుగా పెట్టు అన్నాను. నేచురల్‌గా ఉండు అన్నాడు. నేను నేచురల్‌గా ఇలాగే ఉంటాను అన్నాను. ముసలి జోజిబాబు కడుపు పట్టుకొని నవ్వి, ఏరా, అప్పుడే మరిచిపోయావా, చెప్పు అన్నాడు.

అప్పుడు వాడు పాత గొంతుతో అన్నాడు. అమ్మా, గడ్డం కొంచెం పైకి. ఇటు చూడండి.

చూశాను. ఆధార్ కార్డులాగే వచ్చింది. రాయి చెక్కేవాడికి ఇచ్చేశాను.

2 నవంబరు, ఆదివారం. సమాధుల పండుగ.

వినగడప. జయకర్‌ను వెంట తెచ్చాను. రావమ్మ సమాధి దగ్గర బంతిపూలు, కొవ్వొత్తులు. ఆ బోసి నోటి ఫొటో చిన్నది చేయించి మట్టి మీద నిలబెట్టాం. కింద రావమ్మ అని రాయించాను. ఈ ఒక్క చోట ఉండొచ్చు.

చెయ్యి ఇంకా చాపే ఉంది. వాడి చేత గ్లాసుడు నీళ్లు పెట్టించాను.