నమూనా ముద్ర పడని నోటీసు

మార్చి 12, మంగళవారం
డిపార్ట్‌మెంట్ లైబ్రరీ, కిటికీ పక్క బల్ల

గయ్యాళీ,

నువ్వూ, అమ్మగారూ, అన్నయ్యగారూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేనూ క్షేమమే అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. ఫోన్లో నన్ను బ్లాక్ చేశావు సరే, పోస్ట్‌మాన్‌ని చేయలేవుగా! చించి పారేసే ముందు ఒక్కసారి చివరిదాకా చదువు తల్లీ, నీకు దణ్ణం పెడతాను.

ముందు అసలు సంగతి. శుక్రవారం మూడు గంటలకు విచారణ కమిటీ కూర్చుంటోంది. నీచేత క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టించుకుని, టీసీ చేతికిచ్చి పంపేయాలని వాళ్ళ ఆలోచన. సంతకం పెడితే పోలీసుల దాకా పోనివ్వనని గైడ్ సార్ నీకు ఫోన్ చేశారట. పెట్టకే. నీ కాళ్ళు పట్టుకుంటాను, పెట్టకు. ఇంకో నాలుగు నెలల్లో పీజీ పూర్తవుతుందనగా రెండేళ్ళ కష్టం మంటగలిసిపోతుంది.

వాళ్ళు పట్టుకు వేలాడుతున్నది ఒక్కటే. వదంతి ఎలా పుడుతుందో నేర్పడానికి సార్ జర్నలిజం ల్యాబ్‌లో మనచేత దొంగ నోటీసులు తయారుచేయించారు కదా. బ్రెడ్డులో ఎలుకల మందు దొరికిందని ఆహార తనిఖీ అధికారి ప్రకటించినట్టు మనిద్దరం కలిసి రాశాం. ఊహించిన షాపే పెట్టమని సార్ చెప్పినా వినకుండా, నిజంలా ఉంటుందని గేటు ఎదుటి బేకరీ ఫొటో పెట్టింది నేనే. ల్యాబ్ గుమ్మం దాటే ప్రతి కాపీ మీదా అడ్డంగా 'నమూనా' అని ఎర్ర ముద్ర ఉండాలన్నది మన మొదటి రూలు. ఆ ముద్ర పడని కాపీ నీ లాగిన్‌తో డౌన్‌లోడ్ అయినట్టు ల్యాబ్ రికార్డులో ఉంది. దాంతో బయటికి వదిలింది నువ్వేనని తేల్చేశారు.

బేకరీ బాబాయి ఎలా ఉన్నాడని అడుగుతావు. పోయిన నెల ఆ నోటీసు నమ్మి జనం మీదపడి అద్దాలు పగలగొట్టాక ఓవెన్ వెలిగించలేదు. నిన్న వెళ్ళాను. ఖాళీ ట్రేలు తుడిచి, మళ్ళీ అవే తుడుస్తున్నాడు. ఎవరమ్మా ఆ మహాతల్లి, రోజూ నా దగ్గర బన్ను తిన్న పిల్లేనా అని అడిగాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

క్లాసులో నీ గురించి నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నారు. థీసిస్‌కి సరుకు కావాలని నువ్వే వదిలావట! సార్ కూడా నమ్మారు. నేను తల దించుకుని నోట్సు రాసుకుంటూ కూర్చున్నాను. ఇంటికి వెళ్ళిపోయిన రోజు బ్యాగు సర్దుకుంటూ, ఒక్క మాటైనా మాట్లాడవేమే అని అడిగావు చూడు, అది నా చెవుల్లోంచి పోవడం లేదు.

శుక్రవారం తప్పకుండా రా. ఈ ఉత్తరం కూడా వెంట తెచ్చుకో.

ఇట్లు,
నీ పక్క సీటు నత్త

తా.క.: కవరు అంటించి మళ్ళీ చింపాను. నోటీసు తయారైన రోజు ల్యాబ్‌లో నా సిస్టం మొరాయించింది. నువ్వు టీకి వెళ్తే నీ సీట్లో కూర్చున్నాను, నీ లాగిన్ తెరిచే ఉంది. నోటీసు ఎంత బాగా కుదిరిందో చూపించుకుందామని, ముద్ర వేయకముందే నా ఫోన్లోకి ఎక్కించుకుని మా అక్కకు పంపాను. గొప్పకి పోయి చేసిన పని, అంతే. ఇది ఉత్తుత్తిదని కింద ఒక్క ముక్క రాయలేదు. అక్క నిజమేననుకుని, పిల్లల స్కూలు గ్రూపులో పెట్టి అందరినీ జాగ్రత్తపడమంది. తనకి ఇప్పటికీ అసలు విషయం తెలియదు.

శుక్రవారం అందరి ముందూ చెప్పాలనే వస్తాను. కానీ నేనెంత పిరికిదాన్నో నీకు తెలుసు. మూడున్నర దాకా నేను నోరు విప్పకపోతే, ఈ కాగితం తీసి సార్ చేతిలో పెట్టు. నా దస్తూరి ఆయన గుర్తుపడతారు.